ఏడు కిలోల వైరాగ్యం

బళ్ళారి జిల్లా కుడతినివాడికి వైరాగ్యం ఎవరూ నేర్పనక్కర్లేదు. పొద్దున్నే మిద్దెక్కి, రాత్రి ఆరేసిన పంచె ఒక్కసారి దులిపితే చాలు. ఊరి పక్కనే 1700 మెగావాట్ల థర్మల్ కేంద్రం. మా ఊళ్ళో పంచె కొన్న రోజు తెలుపు, ఆ తర్వాత బతుకంతా బూడిద రంగు. వేదాంతం ఇట్లా మిద్దె మీదే దొరికే ఊరికి, డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోన్లో ఉపదేశం మొదలుపెట్టాడు.

"నాయనా, ఈసారి లైట్‌గా రాండి. మనిషికి ఏడు కిలోల బ్యాగు ఒకటి. పెద్ద పెట్టెలు వద్దే వద్దు."

మూడు నెలల అమెరికా. అందులో ఏడు రోజులు గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్. అన్నిటికీ కలిపి ఏడు కిలోలు. శబరిమల పోయే స్వామికైనా ఇరుముడి అని రెండు ముళ్ళుంటాయి. మాకు మావాడు ఒక్క ముడే మంజూరు చేశాడు.

"మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు చాలు నాయనా. ఎప్పటికప్పుడు ఉతుక్కోవచ్చు."

'ఉతుక్కోవచ్చు' అనే క్రియకు కర్త ఎవరో వాడు చెప్పలేదు. వాడి చిన్నప్పటి నుంచీ ఆ క్రియ కర్త లేకుండానే జరిగిపోయింది. ఇంత బూడిదలోనూ సోమవారం పొద్దునకు బడి చొక్కా దండెం మీద దానంతటదే తెల్లగా వేలాడేది. వాళ్ళమ్మ నా పక్కనే నిలబడి అంతా వింది. ఒక్క మాట అనలేదు. లోపలికి పోయి బీరువా మీది పెద్ద సూట్‌కేసు దించింది.

లోకంలో ఇప్పుడు కొత్త మతం ఒకటి నడుస్తోంది, తేలిక సామాను మతం. గురువులు యూట్యూబులో ఉంటారు. వాళ్ళ చొక్కా నలగదు, ముడతపడదు, చెమట వాసన రాదు. వేలు పోసి కొన్న చొక్కాకు ఆ మాత్రం ఇంగితం ఉంటుంది మరి. ఒక్క జీన్స్ చాలంటారు, నెల రోజులు ఉతక్కపోయినా ఫర్వాలేదంటారు. ఫర్వాలేదు నిజమే. ఆ జీన్స్‌ను వెలిసిపోయినట్టు కనిపించేదాకా ఉతికే పని మా బళ్ళారిలో ముందే అయిపోయింది, నీలం నీళ్ళు ఇక్కడే ఉండిపోయాయి.

మావాడు మా దీక్షకు కావలసిన సరంజామా ఆన్‌లైన్‌లో పంపించాడు. చొక్కాలను కుక్కి పిడికెడు చేసే జిప్పుల సంచులు ఆరు. గాలి పీల్చేసే ప్లాస్టిక్ కవర్లు. వంద మిల్లీలీటర్ల బుడ్డీలు డజను. మెడకు తగిలించుకునే దిండు. కొక్కేనికి వేలాడదీసి తూచే బుల్లి తక్కెడ. ఆ తక్కెడ మీద నమ్మకం లేక అన్నిటినీ ఖాళీ బ్యాగులో వేసి మా వీధి చివర మిరపకాయల అంగట్లో కాటా మీద పెట్టాను. మూడు కిలోల ఎనిమిది వందలు. ఏడు కిలోల్లో సగానికి పైగా బరువు తగ్గించుకునే సామాను బరువే! గాలి పీల్చే కవరు గాలిని తీస్తుంది గానీ బరువును తీయదని అంగడాయన నాకు నిదానంగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

పెద్ద పెట్టె దిగిందన్న వార్త వీధంతా తిరగడానికి ఒక పూట పట్టింది. టికెట్టు మీద మాకిద్దరికీ నాలుగు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు, వెరసి 92. ఈ లెక్క నాకంటే ముందే వీధికి తెలుసు.

"వదినా, మా పాపకు ఇంత చెనిక్కాయల పొడి. ఇంతే."

మా పక్క 'ఇంతే' అనేది ఒక తూనిక. అరకిలోకు తగ్గదు. రెండు కిలోలు దాటితే దాన్ని 'రవ్వంత' అంటారు. చెనిక్కాయల పొడి వెనకాలే ఎండు జొన్నరొట్టెలు వచ్చాయి, ఓళిగలు వచ్చాయి, ఏడు కవర్లు చుట్టినా నూనె కక్కే ఊరగాయ వచ్చింది. ఒకాయన గోనెసంచి నిండా బొరుగులు తెచ్చాడు. "బరువే లేదప్పా, నువ్వే పట్టుకొని చూడు!" పట్టుకొని చూశాను. నిజంగానే లేదు. గురువులు వెతుకుతున్న తేలిక సామాను మా సీమవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. రెండు కిలోలు తూగదు, పెట్టె మొత్తం ఆక్రమిస్తుంది. డల్లాస్‌లో ఆయన అల్లుడు ఆదివారం పూట ఉగ్గాని తినాలంట.

వద్దని చెప్పడానికి నా దగ్గర ప్రభుత్వాల బలం ఉంది కాబట్టి దాన్ని వాడుకున్నాను. పచ్చి కరివేపాకు కుదరదు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందని అమెరికావాళ్ళు ఆపేస్తారు. ఎండుకొబ్బరి కుదరదు, అది నిప్పంటుకునే సరుకుల లెక్కలో ఉంది. ఈ రెండోది మా అత్త నమ్మలేదు. "కురిడీ మండుతుందా? హోమంలో వేసి ఊదీ ఊదీ నా ప్రాణం పోతుంది గదప్పా!" ఓడలోకి ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ రానివ్వరని చెబితే మా ఆవిడ చిన్న కుక్కరును పట్టుచీరలో చుట్టింది. ఎక్స్‌రేలో చీర కనబడదు, కుక్కరే కనబడుతుంది అన్నాను. "చీర కనబడని చోటికి పట్టుచీర ఎందుకంట?" అని చీర తీసేసింది. కుక్కరు ఉంది.

మనవాళ్ళకు ప్రయాణం చేయడం రాదు, వంటిల్లు మోసుకుపోతారు అని నవ్వేవాళ్ళున్నారు. నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఏడు కిలోల బ్యాగును మిద్దె మీద ఎండకు పెట్టి దాని పక్కన కూర్చున్న రోజు ఒక సందేహం వచ్చింది. మిగతా బరువు ఎక్కడికి పోయింది? బరువు ఆవిరయ్యే వస్తువు కాదు కదా.

తెలుగులో తేలిక ప్రయాణానికి ఆదిపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు దాటిన ఆ ప్రయాణంలో ఆయన చేతిలో బరువేముంది? కాగితం, కలం. మిగతాదంతా సుమారు వంద మంది పరివారం నెత్తిన, భుజాన నడిచింది. ఆయన్నే బోయీలు పల్లకీలో మోశారు. సొంత ఒళ్ళు కూడా సొంతంగా మోసుకోకుండా దేశం తిరిగిన మనిషి ముందు ఈ ఏడు కిలోలవాళ్ళు ఏపాటి! అయితే ఆయనకు ఒక నిజాయితీ ఉంది. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో బోయీల ఊసూ ఉంటుంది. మన గురువులు బ్యాగు సర్దడం చూపించి, బోయీలు రాకముందే కెమెరా ఆపేస్తారు.

క్రూజ్ ఓడ అంటే నీళ్ళ మీద పల్లకీ. 2024 జనవరిలో తొలి యాత్రకు బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు. నిండితే ప్రయాణికులే 7,600 మంది. వాళ్ళను కూర్చోబెట్టి మేపడానికి 2,350 మంది సిబ్బంది. పరుపులు, దుప్పట్లు, తువాళ్ళు, సబ్బులు, ఈతకొలనులు, వంటశాలలు, చాకిరేవు, అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. అందులోకి ఏడు కిలోల బ్యాగుతో ఎక్కి నిరాడంబరుణ్ణి అనుకోవడం, పెళ్ళి భోజనానికి కూర్చుని 'నేను ఇంటి నుంచి అన్నం కూడా తెచ్చుకోలేదు, చూశారా' అనడం లాంటిది.

ఆ మేపేవాళ్ళ సంగతి. సముద్ర కార్మికుల కోసం 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే, ఓడ మనిషి చేత ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా 14 గంటల దాకా, ఏడు రోజుల్లో 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. అది వాళ్ళను కాపాడటానికి రాసుకున్న హద్దు! గోవావాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, ఇండోనేషియావాళ్ళు నెలల తరబడి ఇల్లు చూడకుండా కింది అంతస్తుల్లో, కిటికీ లేని గదుల్లో పడుకుని లేస్తారు. మా అబ్బాయి చెప్పని కర్త అక్కడ దొరికాడు. ఇక ఈ పల్లకీల్లో చాలావాటికి ఇప్పటికీ తాగించే నూనె పేరు హెవీ ఫ్యూయల్ ఆయిల్. పేరు పెట్టినవాడు మాత్రం నిజం దాచలేదు.

సముద్రం మీద అచ్చంగా తేలిగ్గా పోయినవాళ్ళూ మనవాళ్ళలో ఉన్నారు. 1843లో తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకుపోయిన ఓడ పేరు కోరింగా ప్యాకెట్. సర్దుకోవడానికి ఏమీ లేని మనుషులకు ప్యాకెట్ అనే మాట ఓడ పేరులో దొరికింది. మద్రాసు నుంచి కూలీలతో పోయిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. వాళ్ళు వెంట తీసుకుపోయినవి రెండేసి భుజాలు. అక్కడి చెరకు అవే మోశాయి. మూడు చొక్కాలతో మూడు నెలలు ఎట్లా గడపాలో వాళ్ళను అడిగి ఎవరూ వీడియో తీయలేదు.

అంత దూరం ఎందుకు, మా కుడతినికే రండి. మా దగ్గర వేల ఏళ్ళ నాటి బూడిద దిబ్బ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో దొరలు గుర్రాలు దిగి చూసి, ఇదేమిటో అంతుపట్టక తలకొక మాట రాసుకున్నారు. హంపి పక్కన నింబాపురంలో ఇట్లాంటి దిబ్బనే వాలిని కాల్చిన చోటు అంటారు జనం. చివరికి ఆల్చిన్ అనే ఆయన అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వి, 1963లో పుస్తకం వేసి, ఇది కొత్త రాతియుగపు పశువుల కాపరులు మందలు ఆపిన చోట పేడ కాల్చగా మిగిలిన బూడిద అని వాదించి నిలబెట్టాడు. ఆ కాపరులు ఆవుల్ని తోలుకుని తేలిగ్గా పోయారు. కాల్చింది ఇక్కడ వదిలేశారు. వాళ్ళకు మాత్రం ఏడు కిలోల బ్యాగు ఎందుకు, దిబ్బ వదలడానికి మా ఊరు ఉండగా!

ఆ అచ్చొచ్చిన చోటే ఇప్పుడు కొత్త దిబ్బ లేస్తోంది. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పై నుంచి నలభై పాళ్ళు బూడిదే. రైలు పెట్టెలు పెట్టెలుగా బొగ్గు మా ఊరికి వస్తుంది, కరెంటు తీగ ఎక్కి పోతుంది. ఆ కరెంటు తీరు చూడండి, రంగు లేదు, వాసన లేదు, తూకం లేదు. బెంగళూరు ఫ్లాట్లో స్విచ్చి నొక్కితే చాలు, ఏసీ చల్లగా ఊపిరి తీస్తుంది. ఇంతకంటే లైట్‌గా ప్రయాణం చేసేది లోకంలో ఇంకేముంది? బూడిదలో కొంత సిమెంటు లారీ ఎక్కుతుంది, కొంత చెరువులో కలుస్తుంది, మిగిలిన రవ్వంత మా పంచెకు. రవ్వంత అంటే ఎంతో పైన చెప్పాను.

2010 ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీలు వస్తాయని మా చుట్టుపక్కల రైతుల దగ్గర వేల ఎకరాలు తీసుకున్నారు. అనుకున్న ఫ్యాక్టరీలు రాలేదు. రైతులు తేలికయ్యారు. నాగలి, గడ్డివాము, ఎద్దుల కొట్టం, అన్ని బరువులూ ఒక్క సంతకంతో దిగిపోయాయి. ఆ భూముల కోసం కూర్చున్న ధర్నాకు ఒక చాప, ఒక నీళ్ళ సీసా. ఏడు కిలోలు కూడా కాదు. గురువులు వచ్చి చూసి నేర్చుకోవచ్చు.

మా ప్రయాణం ముందురోజు నాలుగు పెట్టెలూ, రెండు బ్యాగులూ ఆటోలో వేసుకుని మళ్ళీ మిరపకాయల అంగడికి పోయాం. కాటా మీద ఎర్రటి కారం ధూళి. పెట్టె ఎక్కించిన ప్రతిసారీ మేమిద్దరం తుమ్మడం, ముల్లు కదలడం. మూడు పెట్టెలు సరిపోయాయి. నాలుగోది 23 కిలోల 400 గ్రాములు. అంగట్లో నేల మీదే పెట్టె తెరిచాం. పైన బొరుగులు, కింద ఊరగాయ, దాని పక్కన పొడులు, ఒక మూల నా బట్టలు. మా ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి నా చొక్కాలు రెండు తీసి నా చేతిలో పెట్టింది.

"పొడి తీయొచ్చు గదా?"

"పొడి మనది కాదు. అబ్బాయి చెప్పినాడు గదా, నీకు మూడు చాలని."

పెట్టె సరిగ్గా 23కు వచ్చింది. మూలన బస్తాల మీద కూర్చున్న హమాలీ బీడీ ఆర్పి లేచాడు. ఒక పెట్టె నెత్తిన, ఒకటి చేత, రెండు విడతల్లో నాలుగూ ఆటోలో పెట్టేశాడు. వగర్చలేదు కూడా. తర్వాత నా భుజాన ఉన్న బ్యాగుకు చెయ్యి చాచాడు.

"వద్దులేప్పా, ఇది నేనే మోసుకుంటా," అన్నాను, కొంచెం గొప్పగానే.

"ఎంత తూగుతుందన్నా?"

"ఏడు."

నన్ను, బ్యాగును ఒకసారి ఎగాదిగా చూసి తువాలు దులుపుకున్నాడు.

"మోసుకోన్నా. ఏడు కిలోలకు మా సంఘంలో రేటు లేదు."