ట్రాయ్ వారికి మాడుగుల నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అదే మా అందరి నోళ్లలో నలిగే ట్రాయ్, చైర్మన్ గారి సముఖానికి,

అనకాపల్లి జిల్లా మాడుగుల కాపురస్తుడు, ఒక టీవీ, రెండు రిమోట్లు, ఇంటిల్లిపాదికీ కలిపి నాలుగు సిమ్ముల యజమాని, బడిపంతులుగా రిటైరై ఖాళీగా ఉన్నవాడు నమస్కరించి చేసుకునే మనవి.

విషయం: రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మా ఇంట్లో తలెత్తుతున్న శాంతిభద్రతల సమస్య గురించి.

అయ్యా,

ముందే ఒప్పుకుంటున్నాను, నాది పెద్ద కష్టం కాదు. మా ఊరు దాటి ఘాట్ రోడ్డెక్కితే పాడేరు ఏజెన్సీ. అక్కడ ఫోనులో ఒక గీత సిగ్నల్ కోసం గుట్టెక్కి నిలబడేవాళ్లున్నారు. వాళ్ల ముందు నాది కడుపు నిండినవాడి సణుగుడే. కానీ సణిగే హక్కు కూడా చందాలోనే కలిపి కడుతున్నాం కదా అని ధైర్యం చేసి రాస్తున్నాను. మా జిల్లా పేరు చూసి మీ గుమాస్తాలు తికమక పడతారేమో. 2022 ఏప్రిల్ 4 నుంచి మేం విశాఖపట్నం జిల్లా వాళ్లం కాదు. ఈ సంగతి మాకు తెలుసు, కలెక్టరు గారికి తెలుసు, కొన్ని కంపెనీల ఫిర్యాదు ఫారాలకు మాత్రం ఇంకా తెలియలేదు.

అసలు విషయానికొస్తాను. మా అమ్మకు చెవులు కాస్త మందం. సీరియల్లో అత్తగారు గొంతు తగ్గించి కుట్ర చెప్పే ఘట్టం వస్తే ఆ గుసగుస ఆవిడకు అందదు. సౌండు పెంచుతుంది. కుట్ర ఏమిటో తేలబోతుండగా విరామం. అంతే, సబ్బులు, సిమెంటు, బంగారం తాకట్టు అన్నీ ఒక్కసారి ఇంటి మీద పడతాయి. అరుగు మీద పడుకున్న కుక్క లేచి పోతుంది. పరీక్షకు చదువుకుంటున్న మనవడు పుస్తకం విసిరి బయటకు నడుస్తాడు. అమ్మ కంగారుగా రిమోట్ అందుకుంటుంది. అది టీవీ రిమోటు. సౌండేమో ఆవిడ పెంచింది సెట్‌టాప్ బాక్సు రిమోటుతో. రెండోది మంచం కింద దొరికేసరికి ప్రకటనలు అయిపోయి, అత్తగారు మళ్లీ గుసగుస మొదలుపెడుతుంది. ఇప్పుడు మళ్లీ పెంచాలి.

ఇది మా అమ్మ చెవుల తప్పని చాలాకాలం అనుకున్నాం. కాదట. శబ్దం అందుకోగల పైఅంచు సీరియల్‌కూ ప్రకటనకూ ఒకటే. సీరియల్లో మాట ఉంటుంది, ఏడుపు ఉంటుంది, కాసేపు మౌనం ఉంటుంది, కాబట్టి ఆ అంచును ఎప్పుడో ఒకసారి తాకుతుంది. ప్రకటన చేసేవాళ్లు అందులోని సన్న శబ్దాలను కూడా పైకి లేపి, ఉన్నంతసేపూ ఆ అంచునే నిలబెడతారు. మీటరు పెట్టి పైఅంచు మాత్రం చూసేవాడికి తప్పేమీ కనపడదు. సగటు కొలిస్తే దొరికిపోతారు. అమెరికావాళ్లు సరిగ్గా ఆ సగటు పట్టుకునే 2010లో చట్టం చేసి, 2012 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టారు. యూరప్ ప్రసార సంస్థలు కూడా 2010లోనే సగటు శబ్దానికి ఒక కొలత రాసుకున్నాయి.

మనకు లేదా అంటే, వాళ్లకన్నా ముందే ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నిబంధనల్లో ఏడోది చూడండి. ప్రకటన బొమ్మ గానీ శబ్దం గానీ మితిమీరి బిగ్గరగా ఉండరాదని స్పష్టంగా రాసి ఉంది. మితి అంటే ఎంతో మాత్రం అందులో లేదు. ఇన్ని డెసిబెల్సు అని అంకె లేని నిబంధనను ఎవడు తప్పాడని పట్టుకుంటారు? పక్కనే ఇంకో సంగతీ ఉంది. గంటలో ప్రకటనలు 12 నిమిషాలకు మించరాదు, అందులో 10 వ్యాపారానివి, 2 ఛానల్ సొంత డబ్బావి. దాన్ని గట్టిగా అమలు చేద్దామని 2013లో మీరే ముందుకొచ్చారు. ఛానళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ వ్యాజ్యం ఏళ్లూ పూళ్లూ నడిచింది. మా అమ్మ చూసే సీరియల్‌కన్నా నిదానంగా నడిచే కథ ఇంకోటి ఉంటుందని నేననుకోలేదు.

ఇక ఛానళ్లు. 2019 ఫిబ్రవరిలో మీరు మాకు స్వేచ్ఛ ఇచ్చారు. చూసే ఛానల్‌కే డబ్బు కట్టు, చూడనిదానికి మానుకో అన్నారు. వినడానికి ఎంత బాగుంది! వంద ఛానళ్లకు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆ పైన ఒక్కో డబ్బు ఛానల్‌కు దాని రేటు విడిగా. అంతకు ఏడాది ముందే మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ వారు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149కి ఇస్తామని మొదలుపెట్టి ఉన్నారు. అందుకని మావాళ్లు ఈ కొత్త లెక్కను మరీ వింతగా చూశారు. 2020లో అదే 130కి రెండొందల ఛానళ్లు అన్నారు. గుత్తలో, అంటే ప్యాకులో, కలిపే ఛానల్ ధర 19 రూపాయలు మించకూడదని మొదట, 12 మించకూడదని తరవాత, 2022 నవంబరులో మళ్లీ 19 అని. 2024 జూలైలో ఆ 130 పరిమితే ఎత్తేసి, ఎంత వసూలు చేసుకోవాలో కేబుల్ కంపెనీలనే చూసుకోమన్నారు. ఇన్ని మార్పులు జరిగినా మా వీధిలో మారనిది ఒక్కటే, కేబుల్ కుర్రాడి మాట.

"మేస్టారూ, మీరు సెప్పిన ఎనిమిది ఛానళ్లూ ఇడిగా తీసుకుంటే పేక్ కన్నా ఎక్కువవుతాది. పేకే తీసుకోండి, వీధంతా అదే తీసుకున్నారు."

వాడి తప్పేమీ లేదు, లెక్క చూపించాడు, నిజంగానే ఎక్కువవుతుంది. గుత్తకు రాయితీ ఉంటుంది, విడికి ఉండదు. కాబట్టి అన్నదాత కార్యక్రమం చూడటానికీ, క్రికెట్ చూడటానికీ, మనవరాలి బొమ్మల ఛానల్‌కూ కలిపి నేను తీసుకున్న గుత్తలో, ఇంటిల్లిపాదిలో ఎవరికీ రాని భాషల సినిమాలు, మేం జన్మలో వండని వంటలు కూడా వచ్చి కూర్చున్నాయి. మా ఊరు హల్వాకు పేరుపడ్డ ఊరు, మీరు వినే ఉంటారు. పావుకిలో అడిగితే పావుకిలో తూస్తారు. పావుకిలో కావాలంటే రెండు కిలోల మిక్చరు కూడా పట్టుకెళ్లాలి, ఒట్టి హల్వా అయితే ఇంకా ఎక్కువవుతుంది అన్న దుకాణం మాడుగులలో ఒక్క పూట నడవదు.

ఛానళ్లు ఎంచుకునే యాప్ పెట్టామని మీరంటారు. 2020లో పెట్టారు, కాదనను. అందులో దిగాలంటే కనెక్షన్‌కు నమోదైన నంబరుకు ఓటీపీ వస్తుంది. మా కనెక్షన్ నంబరు హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయిది. వాడు ఆఫీసు మీటింగులో ఉంటాడు. నాకు ఛానల్ మార్చాలనిపించే వేళకు వాడికి ఫోను ఎత్తాలనిపించదు.

అసలు టీవీ పెట్టగానే మేం నిన్న ఏ ఛానల్ దగ్గర ఆపామో ఆ ఛానల్ రావాలని కూడా లేదు. మేం ఎన్నడూ అడగని వార్తల ఛానల్ ఒకటి పెద్ద గొంతుతో పలకరిస్తుంది. ల్యాండింగ్ పేజీ అంటారట దాన్ని. గుమ్మం దగ్గర మొదటి చోటుకు ఛానళ్లు డబ్బు కడతాయి, మనం తప్పించుకునేలోగా ఆ కొద్ది సెకన్లూ రేటింగుల్లో చేరొచ్చని ఆశ. ఇది కూడదని మీరు 2018 డిసెంబరులో ఆదేశమిచ్చారు. 2019లో టెలికాం ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. మీ ఆదేశాల జాతకమే అంత అనిపిస్తుంది, పుట్టినప్పుడు భోరున ఏడుస్తాయి, నడక వచ్చేలోగా కోర్టుకెక్కుతాయి.

ఇప్పుడు సిమ్ముల సంగతి. ఇక్కడ మాత్రం కాస్త కోపంగానే రాస్తున్నాను, మన్నించాలి. నెలకు రీచార్జి అంటే 28 రోజులు. పదమూడుసార్లు వేయిస్తే 364. పన్నెండు నెలల ఏడాదికి పదమూడు నెలల డబ్బు. మా పంచాంగంలోనూ అధికమాసం ఉంది. కానీ అది సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒకసారి వస్తుంది, ముందుగా సిద్ధాంతి గారు చెబుతారు. మీ టెలికాంవారి అధికమాసం ఏటేటా వస్తుంది, ఎవరూ చెప్పరు. పింఛను ఒకటో తారీకునే పడుతుంది, రీచార్జి గడువు మాత్రం ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకు జరిగి, చివరికి పింఛను పడక ముందే ముంచుతుంది. 2022 జనవరిలో మీరు ప్రతి కంపెనీ ముప్పై రోజుల ప్లాను కనీసం ఒక్కటైనా పెట్టాలన్నారు. పెట్టారు. కనీసం అన్నది వాళ్లు చాలా శ్రద్ధగా చదివారు.

2024 డిసెంబరులో డేటా అక్కర్లేనివాళ్లకు ఒట్టి కాల్స్, మెసేజీల ప్లాన్లు ఇవ్వాలన్నారు చూడండి, దానికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. బటన్ల ఫోను వాడే మా అమ్మలాంటివాళ్లు ఎన్నాళ్లుగానో ఎవరికో ఇంటర్నెట్ కొనిపెడుతున్నారు. కాకపోతే ఆ ప్లాన్లు వచ్చినవి 84 రోజులవీ, అంతకన్నా పెద్దవీ. కూలికెళ్లే మనిషి మూడు నెలల సొమ్ము ఒక్కసారి ఎక్కడినుంచి తెస్తుంది? 84 అంటే మూడు ఇరవై ఎనిమిదులే అని గమనించగలరు.

ఆటల సంగతి మీ శాఖ కాదని తెలుసు, రెండు ముక్కల్లో ముగిస్తాను. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించినప్పుడు మా వీధి తల్లులు కొబ్బరికాయలు కొట్టారు. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట పేరులో ఇండియా చేర్చుకుని తిరిగొచ్చింది, 2022లో మళ్లీ ఆపారు, 2023లో మళ్లీ వదిలారు. నాకైతే కుర్రాళ్లు తుపాకీ ఆట ఆడుకోవడం కన్నా ఫోనులో డబ్బు పెట్టే పేకాటే భయం. దాన్ని తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో నిషేధించాయి. అయినా ఆ తరవాత కూడా ఫోనులో శుభ్రమైన తెలుగులో రమ్మీ ప్రకటనలు వస్తూనే ఉండేవి. చివర ఊపిరి ఆడనంత వేగంగా, తెలుగు రాష్ట్రాల వాళ్లు ఆడరాదు అని ఒక ముక్క. మరి తెలుగులో చెప్పింది ఎవరికి స్వామీ? బళ్లారి వాళ్లకా? 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటలన్నిటికీ కలిపి చట్టం చేసింది. మంచిదే. అది కూడా కోర్టు గుమ్మం దాటి బతికి బట్టకట్టాలని మా మోదకొండమ్మకు మొక్కుకుంటున్నాను.

ఇంకొకటి కూడా మీది కాదు, అయినా చెప్పకపోతే నిద్రపట్టదు. మా కొత్త స్మార్ట్ టీవీకి మాటతో పనిచేసే రిమోట్ వచ్చింది. అందులోంచి పలికేది ఆడగొంతు. అందుకని మా అమ్మ దాన్ని మనిషినే అనుకుని వరసపెట్టి పిలుస్తుంది. "ఒలే గుంటా, రాత్రి ఆగిపోయిన బొమ్మ ఎట్టే" అంటుంది. టీవీ కాసేపు గుండ్రంగా తిరిగి, ఏవో స్పానిష్ పాటలు చూపిస్తుంది. అమ్మ ఇంకా గట్టిగా, ఇంకా దగ్గరగా, అదే మాట. మళ్లీ పాటలే. చివరికి మనవడు వచ్చి, టీవీ యాంకర్ల భాషలో "నిన్నటి ఎపిసోడ్ ప్లే చెయ్యి" అంటే వస్తుంది. అమ్మ అడిగింది, "అయితే ఇది బెజవాడ పిల్లేట్రా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఉత్తరాంధ్రలో కొన్న టీవీకి ఉత్తరాంధ్ర మాట అర్థం కావాలని ఏ నిబంధనలోనూ లేదు. ఎవరైనా రాస్తే, అంకెతో సహా రాయమని మనవి.

అయ్యా, ఇంతసేపూ చదివారు గనుక అడగవలసింది అడిగేస్తాను. మాకు కొత్త హక్కులు వద్దు, ఉన్నవే మోయలేకపోతున్నాం. ఎంచుకునే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు, యాప్ దించుకునే హక్కు, అన్నిటికీ శ్రమ మాదే, ఓటీపీ మాదే. కంపెనీలు తమంతట తాము చేయవలసిన పనులు మూడు, అవి చేయించండి. విడిగా ఎనిమిది ఛానళ్లు తీసుకున్నవాడికి గుత్తకన్నా బిల్లు తక్కువ రావాలి. టీవీ నిన్న ఆపినచోటే తెరుచుకోవాలి. కాల్స్ ప్లాను ముప్పై రోజులకూ దొరకాలి. ఇవి కాక, ప్రకటన శబ్దానికి సగటు కొలత ఒకటి గెజిట్లో అచ్చువేయించండి. సమాచార ప్రసారాల శాఖ చేయాలంటే వాళ్లకు రాయండి, మీరు రాస్తే చదువుతారు, నేను రాస్తే అందినట్టు మెసేజీ వస్తుంది.

ఈ అర్జీకి జవాబు తెలుగులో, నెలలోపు ఇప్పించగలరు. నెల అంటే ముప్పై రోజుల లెక్క.

ఇట్లు,
తమ విధేయుడు,
చందా బకాయి లేని ఒక చందాదారు,
మాడుగుల.