చింతకొమ్మ చాటు బ్రాడ్‌బ్యాండ్

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వేగం పెరుగుతూనే ఉంది. కాగితం మీదైతే ఎవరూ కాదనలేరు. 2004లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండేనన్నారు. 2013లో ఆ గీతను 512కు జరిపారు. 2023లో ఏకంగా 2 మెగాబిట్లన్నారు. గీత జరిగినప్పుడల్లా కొమరోలు మండలంలో మా సందులాంటివి కూర్చున్నచోటే అర్హత పోగొట్టుకుంటున్నాయి. ఆ మధ్య మాకూ బ్రాడ్‌బ్యాండ్ ఉండేదని, అయితే అప్పట్లో ఆ సంగతి మాకు తెలియలేదని ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

ఫోన్ ప్యాకులో ఇంకో వింత ఉంది. రోజుకు ఇచ్చే రెండు జీబీలూ అయిపోయాక కంపెనీ దయతలచి 64 కిలోబిట్లు వదులుతుంది. పిల్లోడు మధ్యాహ్నం క్రికెట్ చూశాడంటే సాయంత్రానికి ఇల్లంతా 2004కు అవతల ఉంటుంది. సగం పంపిన పాన్ కార్డు ఫొటో చుట్టూ ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉంటే, ప్రదక్షిణలు పూర్తయ్యేదాకా అందరం నిలబడి చూస్తాం.

తీగ సంగతి అడుగుతారు కదా. 2011లో ఢిల్లీ పెద్దలు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలని తీర్మానించారు. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. పంచాయతీకి అంటే పంచాయతీ ఆఫీసుకు. ఆఫీసుకు సాయంత్రం తాళం పడుతుంది. తాళం అవతల ఇంటర్నెట్, ఇవతల మేము. 2017 డిసెంబరు 27న సాక్షాత్తు రాష్ట్రపతి వెలగపూడికి వచ్చి ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను, అదీ కరెంటు స్తంభాల మీదుగా అన్నారు. ఆరోజు నుంచి మా సందులో స్తంభాలను చూసే చూపే మారింది. ఇదివరకు కరెంటు పోతేనే తలెత్తి చూసేవాళ్లం. అయినా మాకు తొందరేం లేదు. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లకేళ్లు కాచుకున్న జనానికి తీగ ఆలస్యం ఒక లెక్కా?

పోనీ ప్రైవేటు కంపెనీని అడుగుదామంటే, ఫారం మొదట్లోనే జిల్లా అడుగుతుంది. మా తాత పుట్టింది కర్నూలు జిల్లాలో. 1970లో అదే ఇల్లు ఒంగోలు జిల్లాలోకి పోయింది, రెండేళ్లకు అదే ప్రకాశం అయింది. 2025 ఆఖర్లో మార్కాపురం జిల్లా వచ్చింది. ఇల్లు మాత్రం గిద్దలూరు–పోరుమామిళ్ల రోడ్డు దగ్గర్నుంచి అంగుళం కదల్లేదు. ఏ జిల్లా నొక్కినా జవాబు ఒక్కటే: "త్వరలో మీ ప్రాంతానికి." ఈ ఒక్క విషయంలో పాత జిల్లాకూ కొత్త జిల్లాకూ తేడా చూపలేదు కాబట్టి కంపెనీని పక్షపాతి అనడానికి లేదు.

2023లో వినాయక చవితి రోజుల్లో ఒక పెద్ద కంపెనీ, దానికి కొద్ది వారాల ముందు ఇంకొకటి, తీగ లేకుండా గాల్లోంచే ఇంటికి ఇంటర్నెట్ ఇస్తామన్నాయి. డాబా మీద ఒక పెట్టె పెడితే అది 5జీ టవరు నుంచి పట్టి లోపలికి పంపుతుంది. పద్ధతి మంచిదే. కాకపోతే 5జీలో వేగమంతా ఉండే 3500 మెగాహెర్ట్జ్ తరంగం మహా సుకుమారి. గోడ అడ్డమొస్తే నీరసిస్తుంది, తడి ఆకు తగిలితే సొమ్మసిల్లుతుంది. 850, 900ల్లో నడిచే 4జీ మాత్రం పాత ఆర్డినరీ బస్సు: మెల్లగా వస్తుంది, కానీ పల్లెపల్లెకూ వస్తుంది.

అందుకని మా సందులో ఎవరికి వాళ్లే ఇంజనీర్లయ్యారు. నాలుగు కంపెనీల సిమ్ములు పట్టుకుని డాబా ఎక్కడం, నాలుగు మూలలా వేగం కొలవడం. ఇందులో ఒక కిటుకు: తెల్లవారుజామున ఎవరు కొలిచినా బాగానే వస్తుంది. రాత్రి తొమ్మిదికి, మండలమంతా అదే టవరు మీద పడ్డప్పుడు కొలిచి, అప్పుడు సిమ్ము వేసే రూటరు కొనాలి. డాబా మీద యాంటెన్నా పెట్టి, దాన్నుంచి పొడుగాటి కేబులు లాగితే దారిలోనే సగం సిగ్నల్ ఆవిరవుతుంది, కాబట్టి రూటరునే వానకు తడవని డబ్బాలో పెట్టి పైపుకు కట్టి, కిందికి మామూలు నెట్‌వర్క్ తీగ దింపుకోవాలి. ఆ పైపు మీద నిలిచే చేపముల్లు యాంటెన్నాను 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు లోకానికి చెప్పారు. ఆదివారాలు మహాభారతం కోసం డాబా ఎక్కి తిప్పిందీ దాన్నే. "వచ్చిందా?" "రాలా!" "ఇప్పుడు?" "ఇందాకే బాగుండె!" అప్పుడు కింద నుంచి అరిచింది మా నాయన, ఇప్పుడు అరిచేది ఇంటి నుంచి పనిచేసే మా అల్లుడు.

ఈలోగా 2025లో ఉపగ్రహాల కంపెనీ ఒకదానికి కేంద్రం లైసెన్సు ఇచ్చింది. దాని ఉపగ్రహాలు వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంతెత్తు నుంచి సిగ్నల్ దిగడం సులువట, కొమరోలు బస్టాండు నుంచి మా సందుకు రావడమే కష్టమట. ఆకాశం కేసి చూడటం ఈ మెట్ట రైతులకు అలవాటే కనుక దానికీ ఒక దరఖాస్తు పెట్టేస్తాం.

ప్రస్తుతం మా పైపుకూ టవరుకూ మధ్య ఒక్కటే అడ్డం: పక్కింటి పెద్దాయన చింతచెట్టు. 2022లో ఢిల్లీలో 5జీ తరంగాలను లక్షన్నర కోట్లకు వేలం వేశారు. అవి మా ఇల్లు చేరే ఆఖరి ముప్పై అడుగులు ఆ వేలంలో రాలేదు, వాటి హక్కులు పెద్దాయనవి. కొమ్మ కొట్టించుకుంటామని చేతులు కట్టుకుని అడిగాం.

"కొట్టుకోండి నాయనా, దానికేముంది," అన్నాడాయన. "వైఫై పాస్‌వర్డు మా కోడలికి చెప్పండి. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మీ అల్లుణ్ని మీటింగులు పెట్టుకోవద్దనండి, ఆమె సీరియళ్లు చూస్తది. కాయ దిగినాక మాట్లాడదాం, మాఘమాసంలో రాండి."