చిట్టా కట్టందే నిద్ర లేదు

మొన్న మా దుకాణంలో కంప్యూటర్ కందిపప్పు బస్తాలు ఆరున్నాయని చూపించింది. గోదాంలోకి పోయి లెక్కపెడితే నాలుగే తేలాయి. “మిషన్ల ఆరే ఉన్నయి బాపూ” అంటాడు నా కొడుకు. గిరాకీ వస్తే మిషన్‌లో ఉన్న పప్పు తూచి ఇస్తామా?

పెద్దపల్లిలో మా బాపు కిరాణా దుకాణంలో నేను కూర్చున్నది 1968లో. మొదటి ఏడాది నన్ను తరాజు ముట్టనివ్వలేదు. బస్తాలు సర్దడం, పొట్లాలు కట్టడం, అదే నా చదువు. కొత్త బస్తా దిగితే పాతది ముందుకు జరపాలి, కొత్తది దాని వెనక పెట్టాలి. ఉప్పు, చక్కెర, చాయపత్త కూర్చున్నచోటికి అందాలి. నెలకోసారి అడిగేవి అటకెక్కాలి. ఇవి ఎవరూ రాసిచ్చిన నియమాలు కావు. పురుగుపట్టిన పప్పు పారబోసి, రోజంతా తిరిగి కాళ్లు గుంజి నేర్చుకున్నవి.

దుకాణం బంద్ చేశాక కందిలి ముందు చిట్టా తెరిచేవాళ్లం. పొద్దున గల్లాపెట్టెలో ఎంతుంది, ఎంత వచ్చింది, ఎంత పోయింది? చేతిలో ఉన్న పైసలతో లెక్క కలవాలి. నాలుగణాలు తక్కువైనా బాపు లేవనిచ్చేవాడు కాదు. “ఇయ్యాల్టి తప్పు ఇయ్యాల్నే దొర్కుతది బిడ్డా, వారమైతే దొర్కది” అనేవాడు.

ఉద్దెరకు మూడు పుస్తకాలు. సర్కారు నౌకరీలవాళ్లది ఒకటి, సింగరేణి బొగ్గుబావుల్లో పనిచేసేవాళ్లది ఒకటి, ఈ రెండూ జీతాల రోజు చూసుకుని తెరిచేవి. మూడోది రైతులది, పంట ఇంటికొస్తేనే దాని ముచ్చట. పోచంపాడు కాలువ నీళ్లొచ్చి రెండో పంట మొదలయ్యాక, బాపు రైతుల పుస్తకంలో వసూలు గడువును ఏడాదికి రెండుసార్లుగా మార్చాడు. ఎవరి చేతికి పైసలు ఎప్పుడొస్తాయో తెలిసి రాసిన లెక్క అది. అందుకే అడగడంలో కటువు ఉండేది కాదు, ఇవ్వడంలో ఎగవేత ఉండేది కాదు.

కొత్తదంటే మాకు పడదనుకోవద్దు. బాపు హాలీ సిక్కాల్లో లెక్క రాసినవాడు, శేర్లలో తూచినవాడు. 1957లో నయా పైసలొస్తే నేర్చుకున్నాడు. ఆ తర్వాత కిలోల బాట్లు కొన్నాడు. పైసలు మారినా, తూకం మారినా రాత్రి చిట్టా మాత్రం ఆగలేదు.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక మా దుకాణానికి కంప్యూటర్ వచ్చింది. బిల్లు క్షణంలో వస్తుంది, ఒప్పుకుంటాను. ఫోన్లతో పైసలు కట్టడం మొదలయ్యాక చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెట్టే సిగ్గులేని పని కూడా పోయింది. కానీ దిగిన సరుకు ఎక్కించేది రేపు, ఇచ్చిన ఉద్దెర రాసేది ఎల్లుండి. గిరాకీ కట్టిన పైసలు కొన్ని కొడుకు ఫోన్‌కు, కొన్ని కోడలి ఫోన్‌కు. రాత్రి షట్టర్ దించేటప్పుడు ఇయ్యాల ఎంత అమ్మామని అడిగితే ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. ఎక్కించనిది మిషన్ ఎట్లా చెబుతుంది?

ఆదివారం కొడుకును గోదాంలో నిలబెట్టి ప్రతి బస్తా లెక్కపెట్టించాను. మూడు మాటలు చెప్పాను. బస్తా బండి దిగిన గడియలోనే లెక్కకెక్కాలి. దుకాణం పైసలన్నీ ఒక్క ఖాతాకే రావాలి. రాత్రి పది నిమిషాలు కూర్చుని చేతిలో ఉన్నదీ, మిషన్ చెప్పేదీ కలపాలి. వారం నుంచి కూర్చుంటున్నాడు, విసుక్కుంటూనే అయినా.

తక్కువైన రెండింట్లో ఒక బస్తాను పెళ్లింటివాళ్లు ఉద్దెర పట్టుకుపోయారని గుమాస్తాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. రెండోది ఇప్పటికీ తేలలేదు. బాపు ఉంటే ఆ రాత్రి కందిలి ఆర్పనిచ్చేవాడు కాదు.