క్షవరం ముందా, వివరం ముందా?

"ఎట్ల కొట్టల్లన్నా?"

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఒక కటింగ్ షాపు. మెడకు గుడ్డ బిగించి, తల తడిపేశాక ఈ ప్రశ్న వస్తుంది. పొలం గెట్టు జానెడు జరిగితే మూడు తరాల సాక్ష్యం చెప్పగలను. నా నెత్తి సంగతి అడిగితే మాత్రం నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: "మీడియం."

మీడియం అంటే ఎంత? నాకు తెలీదు. షాపాయనకూ తెలీదు. ఇద్దరికీ తెలీదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు. మషీనుకు నంబర్లున్నాయి. ఒకటి అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, రెండు అంటే 6. చెప్పొచ్చు. చెప్తే "సారు హైదరాబాదు నుంచి దిగినాడు" అనుకుంటారేమోనని సిగ్గు. పక్క కుర్చీలో కుర్రోడికి ఆ సిగ్గు లేదు, ఫోన్లో హీరో బొమ్మ తీసి చూపిస్తాడు. షాపాయన బొమ్మను చూస్తాడు, వాడి నెత్తిమీద జంట సుడులను చూస్తాడు, "చేసేద్దాం తమ్ముడూ" అంటాడు. అరగంట తర్వాత ఇద్దరం ఒకే తలతో బయటికొస్తాం.

అంతకుముందు ఇంకో తంతు ఉంది. వెనకనుంచి చిన్న అద్దం పట్టుకుని "ఎట్లుందన్నా?" అంటాడు. రాలిన జుట్టు కాళ్ల దగ్గర ఉంది, ఏమంటాం? "బాగుంది" అంటాం. అయిదేళ్లకోసారి సిరా పూసిన వేలితోనూ రాయలసీమ అనే మాట ఇదే.

క్షవరమైతే గానీ వివరం తెలీదంటారు. ముందే వివరం చెప్పినవాళ్ల సంగతో? 1937 నవంబరు 16న కోస్తావాళ్లతో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో మా పెద్దలు మీడియం అనలేదు పాపం. రాజధానీ హైకోర్టూ చెరోచోట ఉండాలి, ఏది కావాలో సీమ ఎంచుకుంటుంది; కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకూ నెల్లూరుకూ పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, ముందు వాటా. అంగుళాలతో సహా రాయించినట్టే. 1953 అక్టోబరు 1న కర్నూలును రాజధాని అంటూ తల దువ్వారు. 1956 నవంబరు 1 నాటికి దువ్వెన హైదరాబాదు చేరింది. 2020లో న్యాయ రాజధాని అని కొత్తగా పాపిడి తీశారు. 2021లో చట్టం వెనక్కి తీసుకుని చేత్తో చెరిపేశారు.

తల తడపడంలో మాత్రం రికార్డు కడపదే. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో జమ్మలమడుగు దగ్గర ఒక పునాదిరాయి. 2018లో కంబాలదిన్నెలో ఇంకొకటి. 2019లో సున్నపురాళ్లపల్లెలో మూడోది. 2023లో అదే పల్లెలో నాలుగోది. (ఊరి పేరులోనే రాళ్లున్నాయి, మళ్లీ పైనుంచి తేవడమెందుకో!) ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు రాళ్లు. తడిపిన ప్రతిసారీ "ఇదో, కత్తెర తెస్తాం" అనే మాటే. కడప ఎండ తెలుసు కదా, కత్తెర వచ్చేలోగా తల దానంతటదే ఆరిపోతుంది.

మా షాపాయన ఎంతో నయం. తడిపిన తలను కొట్టకుండా ఏనాడూ వదల్లేదు. అసలు ఏ పేచీ లేని చోటు తిరుమల కల్యాణకట్ట. అక్కడ ఎట్ల కొట్టాలని అడగరు, డబ్బులూ అడగరు. దేవుడి దగ్గర గుండు గుండే. దాన్ని స్టైలని అమ్మజూపరు.

మొన్న మాత్రం తెగించాను. పోయిన తరాల మొగమాటమంతా తీర్చుకోవాలని కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పాను. చెవులమీద అర అంగుళం ఉండాల. వెనకాల మషీను వద్దు, కత్తెరే. ముందర వెంట్రుకలు ముట్టుకోవద్దు, ఉన్నవే కాసిని. కుడిపక్క సుడి కనపడకూడదు.

ఆయన దువ్వెన పక్కన పెట్టి, చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. ఒక్క మాటా అడ్డు రాలేదు. తర్వాత తలమీద నీళ్లు చిమ్మి, మషీను ప్లగ్గు పెట్టి అన్నాడు:

"అర్థమైందన్నా. మీడియం."