బర్రె లేని బడి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, జగిత్యాల బస్టాండు గోడలకు, కోరుట్ల కూడళ్లలోని కరెంటు స్తంభాలకు, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) గల్లీలకు ఒక్కసారిగా జీవకారుణ్యం పొంగుకొస్తుంది. "మూగజీవాలకు సేవ చేయండి, నెలకు ముప్పై వేలు సంపాదించండి! ఆరు నెలల్లో వెటర్నరీ కేర్ అసిస్టెంట్! టెన్త్ పాసైనా ఓకే, ఫెయిలైనా ఓకే! వంద శాతం జాబ్ గ్యారంటీ! ఫీజు వాయిదాల్లో!" కింద ఒక సెల్ నంబరు. పక్కన మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న ఎవరో తెల్లమ్మాయి, ఆమె ఒళ్లో దువ్వెనతో దువ్విన బొచ్చుకుక్క. పోస్టరంతా వెతికినా బర్రె మాత్రం కనబడదు.

ఎందుకు కనబడుతుంది? బర్రె తంతుంది, పేడ వేస్తుంది, తోకతో మొహం మీద కొడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అది మెట్లెక్కదు. మన ఇన్‌స్టిట్యూట్ ఉండేది మూడో అంతస్తులో. కింద మొబైల్ షాపు, మధ్యలో కళ్లద్దాల దుకాణం, పైన పశువైద్య శిక్షణ. సిరిసిల్లలో సాంచా నడిపే తండ్రి కొడుకును వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కుతాడు. బేరం ఇట్లా సాగుతుంది.

"సారూ, ప్రాక్టికల్ ఉంటదా?"

"ఎందుకుండదు అన్నా? ప్రతి శనివారం ఉంటది. ప్రొజెక్టర్ మీద పెద్దగ చూపిస్తం."

"అది సరే సారూ, బర్రె ఎక్కడుంటది?"

"మీ ఇంటికాడ లేదా?"

"మాకెక్కడిది సారూ, సాంచాల మీద బతికేటోళ్లం."

"ఏం ఫికర్ లేదన్నా, మీ సుట్టాల ఇంటికాడ జర చూసి రమ్మను. ప్రాక్టికల్స్ పూర్తయినయని సర్టిఫికెట్ల మేం రాసిస్తం."

రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకునే ప్రాంతం ఇది. వేములవాడ గుడి చుట్టూ కోడెలకు కొదవ లేదు, పల్లెల్లో బర్రెలకు కొదవ లేదు, గొల్లకుర్మల ఇళ్లలో గొర్రెలకు కొదవ లేదు. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది. కోరుట్లలో ఏకంగా పశువైద్య కళాశాలే ఉంది. ఇన్ని ఉన్నచోట మన పిల్లలు ఫీజు కట్టి, గోడ మీద బర్రె బొమ్మకు వైద్యం నేర్చుకుంటున్నారు!

బొమ్మ చూస్తే చాలదా అని అడిగేవాళ్ల కోసం ఈ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఊళ్లో ఎక్కువగా పిలుపు వచ్చేది ఎద సూదికి, అంటే కృత్రిమ గర్భధారణకు. పావు మిల్లీలీటరు వీర్యం పట్టే సన్నటి స్ట్రా ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటుంది. దాన్ని తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, గన్నుకు ఎక్కించాలి. ఒక చెయ్యి మోచేతి దాకా బర్రె పేడదారిలోకి పోతుంది. అక్కణ్నుంచి గర్భాశయ ముఖాన్ని వేళ్లతో తడిమి పట్టుకుని, రెండో చేత్తో గన్నును దాని గుండా పోనివ్వాలి. కళ్లకు కనబడేది తోక ఒక్కటే, మిగతాదంతా వేళ్లకు తెలియాలి. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయాలి. దానికి తోడు బర్రెకు మూగ ఎద. అరవదు, ఆరాటపడదు, ఎండాకాలమైతే అసలే బయటపడదు. అదను తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. ఆ ఇరవై ఒక్క రోజుల మేత ఖర్చు రైతుదే, ఇన్‌స్టిట్యూట్‌ది కాదు.

ఇంకొకటి. మేత మింగలేక చొంగ కారుస్తున్న బర్రెను చూసి, గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని కొత్తవాడు నోట్లో చెయ్యి పెడతాడు. దాన్ని పిచ్చికుక్క కరిచి ఉంటే? లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు, బర్రెకైనా మనిషికైనా. ఈనిన మర్నాడు మెడ పక్కకు వాల్చి కూలబడిన బర్రెకు పాలజ్వరం అని గుర్తించి నరానికి కాల్షియం ఎక్కిస్తే కాసేపట్లో లేచి నిలబడుతుంది. ఊరంతా ఎక్కించినవాణ్ని దేవుడంటుంది. అదే సీసాను తొందరపడి గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఏ పాడి బర్రె ప్రాణమైనా ఈ తొందరకూ నిదానానికీ మధ్యే ఉంటుంది. ఆ నిదానం ఏ వీడియో నేర్పుతుంది?

ఇక చట్టం సంగతి. దాని పేరెత్తితే మూడో అంతస్తులో ఏసీ ఆగిపోతుంది. 1984లో పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టం చేసింది. దాని 30వ సెక్షను ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడు తప్ప మరొకరు పశువైద్యం చేయకూడదు. సహాయకులకు చట్టం ఒక చిన్న కిటికీ తెరిచింది. పశుసంవర్ధక డైరెక్టరేట్ గానీ, పశువైద్య సంస్థ గానీ ఇచ్చిన డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతించాలి. పని పశువైద్యుడి పర్యవేక్షణలో జరగాలి. ఆ పనీ టీకాలు, వృషణాలు నొక్కడం, గాయాలకు కట్టు కట్టడం, సర్కారు ప్రకటించిన ప్రథమ చికిత్స, అంతవరకే. మొబైల్ షాపు మీది సంస్థ డైరెక్టరేట్ కాదు, పశువైద్య సంస్థ కాదు. అది ఇచ్చే కాగితం మీద ఎంత బంగారు రంగు ముద్ర ఉన్నా, ఆ కిటికీలోంచి దూరదు.

అయినా కోర్సు పూర్తి చేసిన తమ్ముడు ఊరికి పోయి బోర్డు పెడతాడు. జ్వరమొస్తే ఒక సూది, కుంటితే ఒక సూది, మాయ పడకపోతే ఒక సూది. నొప్పికి మందుల షాపువాడు ఏది చేతిలో పెడితే అది పొడుస్తాడు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే మన దేశం నిషేధించింది. ఆ మందు పడిన కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి గుంపులకు గుంపులు చచ్చిపోయాయి కాబట్టి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడొద్దన్నారు. కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల కోసం అటవీ శాఖ కాపలా కాసింది, మన ఆరు నెలల పండితుడికి మాత్రం ఆ గుట్ట పేరూ తెలియదు, ఆ మందు పేరూ తెలియదు. సిలబస్‌లో లేదు మరి!

మరి ఏం చదవాలి? కష్టమైన ప్రశ్నేం కాదు. పోస్టర్ వేసేవాడు లేడు కాబట్టి జవాబు ఎవరికీ వినబడదు, అంతే. పదో తరగతి పాసైనవారు పాలిసెట్ రాయాలి. ఆ ర్యాంకుతోనే పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం తన పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా సీట్లు ఇస్తుంది. మన పక్క కరీంనగర్‌లోనే అలాంటి పాలిటెక్నిక్ ఉంది. అక్కడ బర్రె నిజంగా తంతుంది. అదే దాని గుర్తింపు! ఇంటర్ వైపు పోదామంటే వొకేషనల్‌లో లైవ్‌స్టాక్ మేనేజ్‌మెంట్, డెయిరీ టెక్నాలజీ గ్రూపు ఉంది. ఎద సూది ఒక్కటీ నేర్చుకుని ఊళ్లోనే బతకాలనుకుంటే కేంద్రం రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద నడిపే మైత్రి శిక్షణ ఉంది. తొంభై రోజుల్లో ముప్పై రోజులు తరగతిలో, అరవై రోజులు పశువుల మధ్య. కాకపోతే అది నౌకరీ కాదు, చేసిన పనికి రైతు ఇచ్చే రుసుమే ఆధారం. డాక్టరే కావాలంటే ఇంటర్ బైపీసీ, ప్రవేశ పరీక్షలో ర్యాంకు, ఆపైన కోరుట్లలాంటి కళాశాలలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఐదున్నరేళ్ల పనిని ఆరు నెలల్లో చేయిస్తానన్నవాడు పశువులకు కాదు, మీ జేబుకే ఆపరేషన్ చేస్తున్నాడు.

"ఇంటర్నేషనల్ సిలబస్ అన్నా ఇది, బ్రిటన్‌ల ఇదే కోర్సు" అంటాడు కౌన్సెలర్. నిజమే, కేర్ అసిస్టెంట్ అనే పేరు బ్రిటన్ క్లినిక్కుల్లో వాడుకలో ఉంది. అక్కడ కూడా రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ నడిపే నర్సుల రిజిస్టర్‌లో పేరు ఎక్కేది ఏళ్ల తరబడి చదివి, క్లినిక్‌లో పనిచేసి అర్హత సాధించిన వెటర్నరీ నర్సుకే. కేర్ అసిస్టెంట్‌కు అలాంటి రిజిస్టర్ లేదు. బోనులు కడగడం, కుక్కను కదలకుండా పట్టుకోవడం, నర్సుకు అందించడం ఆ ఉద్యోగం. గౌరవమైన పనే, కానీ మేడిపల్లిలోనో కథలాపూర్‌లోనో కుక్క బోను కడగడానికి నెలకు ముప్పై వేలు ఎవరిస్తారో పోస్టర్ వేసినవాడే చెప్పాలి.

ఇంతకీ ఈ దుకాణాలు ఎందుకు నడుస్తున్నాయి? గిరాకీ ఉంది కాబట్టి. గిరాకీని పుట్టించింది సర్కారే. 2017 జూన్ 20న గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. 75 శాతం రాయితీతో ఒక్కో లబ్ధిదారుకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. గొర్రెలు లారీల్లో కదిలాయి. కాగ్ లెక్కలు తీస్తే గొర్రెలను మోసిన వాహనాల నంబర్లలో ద్విచక్ర వాహనాలూ అంబులెన్సులూ తేలాయి, ఏసీబీ కేసులూ వచ్చాయి. సరే, స్కూటరెక్కి వచ్చిన ఆ గొర్రెకు చిటుక రోగం వస్తే సూది వేసేదెవరు? గొర్రెలను పంచడంలో చూపిన తొందరలో పదో వంతు, వాటిని చూసే మనిషిని తయారు చేయడంలో చూపలేదు. 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది. కానీ నియోజకవర్గమంతటికీ ఒక బండి, పొద్దుగూకేలోపు ఎన్ని ఊళ్లు తిరుగుతుంది? ఏళ్లుగా ఎద సూదులు వేస్తున్న గోపాలమిత్రలకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అన్నారు. గౌరవం తాలూకు భాగం ఎప్పుడూ ఆలస్యం కాలేదు, వేతనం దగ్గరే వచ్చింది పేచీ.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ సచివాలయాల కోసం పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 9,886 ప్రకటించింది, 2023లో మళ్లీ 1,896. అంటే ఈ పనికి మనుషులు కావాలి, చాలామందే కావాలి. అయితే ఆ ప్రకటనల్లో ఏ డిప్లొమా చెల్లుతుందో, ఏ వొకేషనల్ గ్రూపు చెల్లుతుందో పేరుపేరునా రాశారు. మూడో అంతస్తు కోర్సుకు ఆ జాబితాలో చోటు లేదు. నిజమైన సీట్లు కొన్నే, కావలసినవాళ్లు వేలల్లో. ఆ సందులోనే పోస్టర్లవాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సందును పూడ్చాల్సిన సర్కారు మాత్రం గోడ మీది పోస్టర్‌ను కూడా పీకదు.

ఈ ప్రాంతానికి ఈ మోసం కొత్తదేమీ కాదు. ఆజాద్ వీసా అన్న మాట జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో పసిపిల్లలకూ తెలుసు. కంపెనీ లేదు, పని లేదు, జీతం లేదు, వీసా మాత్రం ఉంది. అప్పుచేసి కొన్నవాడు దుబాయిలో దిగాక గానీ తెలియదు, తన చేతిలో ఉన్నది కాగితమేనని. ఇప్పుడు వచ్చింది ఆజాద్ సర్టిఫికెట్. విమానం ఎక్కక్కర్లేదు, ఉన్న ఊళ్లోనే మోసపోవచ్చు. ఇందులో పైమెట్టు ‘ఫారిన్ ప్లేస్‌మెంట్’. లైవ్‌స్టాక్ మేనేజ్‌మెంట్‌లో గల్ఫ్ ఉద్యోగం అంటారు. దాని అసలు రూపం ఎడారిలో ఒంటెల వెనకా గొర్రెల వెనకా నడవడమే. ఆ కొలువులో ఇరుక్కుని, ఇంటికి రాలేక ఏడ్చిన మన జిల్లాలవాళ్ల కథలు ఎన్ని చదవలేదు? దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, దురదృష్టం చాలు.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ సర్టిఫికెట్ మీద సంతకం ఏ విశ్వవిద్యాలయానిది, ఏ శాఖది? శిక్షణకు పశువులు ఎక్కడున్నాయి, ఈరోజే చూపిస్తారా? పర్యవేక్షించే పశువైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరెంత? సర్కారు ఇచ్చిన ఏ ఉద్యోగ ప్రకటనలో ఈ కోర్సు పేరుంది? జవాబుకు బదులు "ఈరోజే కడితే డిస్కౌంట్" అని వినబడితే లేచి మెట్లు దిగండి. అనుమానం తీరకపోతే మీ మండలంలోని పశువుల దవాఖానకు పోయి అక్కడి డాక్టరుకు ఆ పాంప్లెట్ చూపించండి. ఆ సలహాకు ఫీజు లేదు.

పిల్లలారా, పాలిసెట్ రాయండి. ఈ ఏడు సీటు రాకపోతే వచ్చే ఏడు మళ్లీ రాయండి. పోయేది ఒక్క ఏడాదే. నోటిఫికేషన్‌లో పేరు లేని కోర్సుకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.