శేషం రెండు, ఆదివారం

మా రోజుల్లో ఇవాళ ఏ తేదీ అని పెట్టెల్ని అడగలేదు. పురసవాక్కం వెల్లాల వీధిలో మా ఇంటి అరుగు మీద తాతగారు పలక పట్టుకుని అహర్గణం కట్టేవారు. కలి మొదలైన శుక్రవారం నుంచి గడిచిన రోజులన్నీ కలిపి ఒక్కటే అంకె. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం సున్నా శుక్రవారం, ఒకటి శనివారం. వారం ఒకటి అటో ఇటో అయితే సర్దేవారు. అంతకు మించి తేడా వచ్చిందా, తడిగుడ్డతో పలకంతా తుడిచి మళ్ళీ మొదలు.

ఇప్పుడు మా మనవడు ఖగోళ శాస్త్రజ్ఞుల జూలియన్ దినసంఖ్యను జీపీఎస్ వారంగా మార్చే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. ఆ సంఖ్యలోంచి 588465.5 తీసేస్తే వచ్చేది మన అహర్గణమేనని వాడికి తెలీదు! జీపీఎస్ లెక్క మొదలైన 1980 జనవరి 6కి జూలియన్ సంఖ్య 2444244.5. తీసేయండి, 1855779. ఏడుతో భాగిస్తే శేషం రెండు, ఆదివారం. ఆ రోజు ఆదివారమే. ఈ చెన్నైలోనే, నుంగంబాక్కం అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారిగారు దుర్భిణీలో చుక్కలూ చూశారు, పంచాంగమూ గణించారు. ఈ కాలం కుర్రాళ్ళకి రెండోది అక్కర్లేకపోయింది.

నా బాధ అసలు వేరే. జీపీఎస్ పాత సంకేతంలో వారాల సంఖ్యకి ఇచ్చింది పది బిట్లే. 1023 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నా. 2019లో వికారి ఉగాది మర్నాడు తెల్లారగట్ల అయిదున్నరకి అలాగే తిరిగింది. పచ్చడి గిన్నె కూడా కడగలేదు, పక్కింటి వ్యాను కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. బండిలో పెట్టె 1999 ఆగస్టు 22 అంటోందట. 7168 రోజులు మాయం! అది ఏడుతో నిశ్శేషంగా పోయే సంఖ్య కాబట్టి వారం చూసినా తప్పు దొరకదు. అదీ ఆదివారమే, ఇదీ ఆదివారమే. తాతగారి పూర్తి అంకె ఉంటేనే దొరుకుతుంది: అది 1862947, ఇది 1870115. అంకెని కత్తిరించకూడదని అందుకే అంటాను. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా తన వారాల లెక్కని ఆ 1999 ఆగస్టు 22 నుంచే మొదలుపెట్టి, తొలి సంకేతాల్లో పది బిట్లే పెట్టుకుంది.

"సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే తాతయ్యా" అంటాడు మా మనవడు. చూసుకోవాలంటే ఎవరో ఒకరు దానికి ముందు చెప్పాలి కదరా!

2038 నవంబర్ 21 తెల్లవారుజామున జీపీఎస్ లెక్క మళ్ళీ తిరుగుతుంది. ఆ రోజు అహర్గణం 1877283. వాడి బల్ల ముందు గోడ మీద పెన్సిల్‌తో పెద్దగా రాసిపెట్టాను.