చపాట సైన్సు

మా వరంగల్ జిల్లా నెక్కొండ వైపు చపాట మిర్చిని చూసినవాళ్లకి దాని గుణం తెలుసు. కాయ టమాటాలా బొద్దుగా, ఎర్రగా నిగనిగలాడుతుంది. కొరికితే కారం అంతంతమాత్రం. రంగు కోసమే కొంటారు. వరంగల్ చపాటకి 2025లో జీఐ ట్యాగు కూడా వచ్చింది. కాయకి దక్కవలసిన గౌరవమే, నాకేమీ అభ్యంతరం లేదు. మా బళ్లలో చెప్పే సైన్సుకి కూడా ఇదే రంగు, ఇదే కారం. దానికి మాత్రం ఎవరూ ట్యాగు ఇవ్వడం లేదు. అదే నా ఫిర్యాదు.

నమ్మకపోతే ఒకసారి వైజ్ఞానిక ప్రదర్శనకి రండి. థర్మాకోల్‌తో చంద్రయాన్. థర్మాకోల్‌తో గుండెకాయ. థర్మాకోల్ మీదే రంగురంగుల అక్షరాలతో 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం'. అగ్నిపర్వతం లేని ప్రదర్శన ఇంతవరకు నా కంట పడలేదు. వంటసోడా, నిమ్మరసం, చిటికెడు కుంకుమ. మా పిల్లలు నిలబడ్డది రెండు వందల కోట్ల ఏళ్లు దాటిన రాతి మీద. దాని ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే బహుమతి రాదు, రాయి పొంగదు కదా.

ప్రారంభోత్సవం పదింటికి. ముఖ్య అతిథి పన్నెండున్నరకి. ఈ మధ్యలో పిల్లలు ఎండలో రెండు వరసల్లో నిలబడి, రోడ్డు మీద లేచే దుమ్ము కారుదా ట్రాక్టరుదా అని గమనిస్తుంటారు. ఆ రోజు మొత్తంలో జరిగే పరిశీలన అదొక్కటే. అతిథి రిబ్బను కత్తిరించి, మీలోంచి ఒక అబ్దుల్ కలాం రావాలని ఆశీర్వదించి, మొదటి బల్ల దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు.

నేనొకసారి ఒక బల్ల దగ్గర ఆగాను. పిల్లవాడు మొదలుపెట్టాడు: "నమస్తే సార్, మా ప్రాజెక్టు పేరు డ్రిప్ ఇరిగేషన్..." మధ్యలో ఆపి, ఈ పైపు ఇంకాస్త పైకెత్తితే ఏమవుతుంది బిడ్డా అని అడిగాను. వాడు నా మొహం చూశాడు, పైపు చూశాడు, వెనక నిలబడ్డ టీచర్ని చూశాడు. తర్వాత గుక్క తిప్పుకొని, "నమస్తే సార్, మా ప్రాజెక్టు పేరు..." అన్నాడు. నేనే ఎత్తి చూద్దామని చెయ్యి చాపాను. టీచరు చటుక్కున అడ్డం వచ్చింది. "ముట్టుకోకండి సార్, ఊడిపోతది."

మా సైన్సుకి ఇంతకంటే క్లుప్తమైన నిర్వచనం నాకు దొరకలేదు.

నేను చదివిన బడి పేరు చెప్పను. అక్కడొక ఇనుప బీరువా ఉండేది, అదే ప్రయోగశాల. అందులో ఒక మైక్రోస్కోపు. ఏడాదికొకసారి బయటికి వచ్చేది, దసరా ముందు, ఆయుధపూజకి. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం పంచి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవాళ్లు. పదో తరగతిలో నాకు ఒక్కసారి దానిలోకి కన్ను పెట్టే అదృష్టం పట్టింది. ఉల్లిపొర కణాలని సారు చెప్పాడు. నాకు కనపడ్డది పచ్చగా, గరుకుగా, గుట్టలు గుట్టలుగా ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే అది కటకానికి అంటిన పసుపు. బొమ్మతో సహా రాశాను, అయిదుకి అయిదు వేశారు.

సారుని తిట్టడం సులువు. కానీ ఆయన బాధ ఆయనది. పరీక్షనాళిక పగిలితే స్టాకు రిజిస్టరులో రాయాలి, రాస్తే ఆడిటులో అడుగుతారు, అడిగితే జవాబుదారీ ఆయన. పిల్లలు ఏమీ నేర్చుకోలేదని రాయడానికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు. మరి ఏ తెలివైనవాడు తాళం తీస్తాడు?

పాఠ్యపుస్తకాలని కూడా తప్పుపట్టను. పేజీ పేజీకి 'కృత్యం', 'ప్రయోగశాల కృత్యం' అని పెట్టి, చేసి చూడమని ప్రాధేయపడుతున్నాయి. మేమూ మాట నిలబెట్టుకున్నాం. "ఒక బీకరు తీసుకోండి" అని సారు చదివితే, "ఒక బీకరు తీసుకున్నాము" అని రాసుకున్నాం. భూతకాలంలోకి మార్చడం తెలుగు వ్యాకరణమా, భౌతికశాస్త్రమా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి అయిదు మార్కులు కేటాయించినప్పటి నుంచి మా జిరాక్స్ సెంటర్లకి చేతినిండా పరిశోధన. వందమంది పిల్లలు వేరువేరు ఊళ్లలో ఒకే వానని ఒకే మిల్లీమీటర్లలో కొలిచారు. ప్రకృతి నియమాలు అంతటా ఒకటేనని దీన్ని మించి ఎవరు రుజువు చేయగలరు?

ఇక బీరువా బయట ఏముందో చెబుతాను. పత్తి చేలో లింగాకర్షక బుట్ట కట్టి ఉంటుంది. ఆడ రెక్కలపురుగు వాసనని పోలిన మందు బిళ్ల అందులో ఉంటుంది. మగవి మోసపోయి వచ్చి పడతాయి. బుట్టకి రోజుకి ఎనిమిది చొప్పున వరసగా మూడు రోజులు పడితే గులాబీ పురుగు హద్దు దాటినట్టు, మందు కొట్టే సమయం వచ్చినట్టు. అంతకు తక్కువైతే డబ్బా మూత తీయనక్కర్లేదు. ఏడో తరగతి పిల్ల పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తే అది కీటకశాస్త్రం, గణాంకశాస్త్రం, ఇంటి అర్థశాస్త్రం. కానీ బడిలో అడిగే ప్రశ్న, గులాబీ పురుగు శాస్త్రీయ నామం ఏమిటి? జవాబు పెక్టినోఫోరా గాసిపియెల్లా. ఆ పేరు రాసినందుకు ఒక మార్కు. పేరు తెలిసినా పురుగు చావదు కాబట్టి, ఎప్పుడు కొట్టాలో, ఏది కొట్టాలో మందుల దుకాణం ఆయన చెబుతాడు. ఆయన బుట్ట లెక్కపెట్టడు, తన దగ్గరున్న డబ్బాలు లెక్కపెడతాడు.

2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు వచ్చింది. పువ్వుని అరచేతిలో దులిపితే కనపడుతుంది, చిన్న భూతద్దం ఉంటే కాళ్లూ కొమ్ములూ సహా. పూత రాలింది, తోటలు పోయాయి, రైతులు దొరికిన మందల్లా కొట్టారు. బీరువాలో మైక్రోస్కోపు ఆ దసరాకి కూడా బొట్టు పెట్టించుకుని లోపలికి వెళ్లే ఉంటుంది.

ఇలా కాకుండా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, తెలుగునాట ఆ చివరన. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన రాంజీ రాఘవన్ 1999లో అగస్త్య ఫౌండేషన్ పెట్టి, కుప్పం దగ్గర 172 ఎకరాల రాళ్లనేలలో చెట్లు మొలిపించి, పిల్లలు ముట్టుకుని, విప్పి, పగలగొట్టి చూసుకునే ప్రయోగశాలలు కట్టించారు. అక్కడి నుంచి ప్రయోగాల పెట్టెలు వ్యాన్లలో ఊళ్లకి వెళతాయి. మా ఊళ్లకీ వ్యాన్లు వస్తాయి, పసుపు రంగువి. అవి పొద్దున్నే పిల్లల్ని ఊడ్చుకుపోయి ఐఐటీ ఫౌండేషన్ దగ్గర దించుతాయి. ఆరో తరగతిలో ఫౌండేషన్! పునాది అంత లోతుగా తీస్తున్నారు కదా, ఇల్లు ఎప్పుడు కడతారో.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ పల్లె బళ్లలో 1972లో అగస్త్య లాంటి చదువే మొదలైంది. పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని పరీక్ష రాసేవాళ్లు, ప్రయోగం చేసి చూపించేవాళ్లు. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వం ఆపేసింది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం కదా; రాసుకున్నాక మళ్లీ చేయడమెందుకు?

క్షేత్రపర్యటనలు లేవని అనకండి, అన్యాయం. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి పాఖాల చెరువు మాకు పక్కనే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక శిలా సమూహానికే దాని పేరు పెట్టుకున్నారు. బస్సు దిగగానే పీటీ సారు విజిలు. లైన్లో నిలబడు, నీళ్ల దగ్గరికి పోవద్దు, రాళ్లు ఏరొద్దు, పులిహోర తిను, బస్సెక్కు. హనుమకొండలో వన విజ్ఞాన కేంద్రం ఉంది. పేరులో వనమూ విజ్ఞానమూ రెండూ ఉన్నాయి. మేము జూ పార్కు అంటాం, కోతికి బఠాణీలు వేసి వస్తాం.

ఇదే అమెరికాలో అయితే నేచర్ సెంటర్లని ఉంటాయి, వాటిలో పనిచేసేవాళ్లు ఉంటారు. పిల్లల్ని చెరువు గట్టుకి తీసుకుపోయి, వలతో నీటిపురుగుల్ని పట్టించి, తెల్ల పళ్లెంలో పోసి చూపించి, మళ్లీ నీళ్లలో వదిలించడమే వాళ్ల ఉద్యోగం. అదే చేస్తూ రిటైరవుతారు. అలాంటి కుర్రాడు ఒకడు నెక్కొండలో బయల్దేరాడనుకోండి. సంబంధం చూడటానికి పెద్దమనుషులు కూర్చుంటారు.

"పిల్లగాడు ఏం జేస్తడు బావా?"

"బడిపిల్లలను చెరువు కాడికి తోల్కపోయి పురుగులు చూపిస్తడట."

"గవర్నమెంటా?"

"కాదు."

"సాఫ్ట్‌వేరా?"

"పురుగులంటున్న గద బావా."

కాసేపు ఎవరూ మాట్లాడరు. చాయ్ చల్లారుతుంది. చివరికి పిల్ల మేనమామ గ్లాసు కింద పెట్టి అంటాడు.

"పురుగుల సంగతి గంతగనం తెలిసినోడు, మందుల దుకాణమన్న పెట్టుకోరాదే!"